అటకెక్కిన వపా అట్టబొమ్మలు

మేడ్చల్: మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల్లో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే నేలమట్టమై, వాటి చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున అటక మీది నుంచి, సందుగల అడుగు నుంచి దిగే కాగితాల్లో నాలుగైదు పాత చందమామలు ఉండటం కద్దు. పాత పేపర్లు కొనే వ్యాపారి వాటిని త్రాసులో వేసి కిలోల లెక్కన తీసుకుపోతాడు. ఆ కట్టలో 1960, 1970 దశకాల నాటి సంచిక ఒకటి అట్టతో సహా నిలిచి, బొమ్మ మూలన వ.పా. అన్న పొట్టి సంతకం ఉంటే, సరిగ్గా దాని కోసమే ఆదివారం పూట అబిడ్స్ కాలిబాటల మీద గంటల తరబడి వంగి వెతికేవారు ఉన్నారన్న సంగతి చాలా ఇళ్లవారికి తెలియదు.

ఆ సంతకం వడ్డాది పాపయ్యది. తెలుగు పాఠకలోకానికి ఆయన వపా.

అమెరికాలో పాత బొమ్మల పుస్తకాలకు పెద్ద విపణి ఉంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ తొలి సంచిక ప్రతి ఒకటి 2024లో జరిగిన వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. పుస్తకం స్థితిని పరీక్షించి అంకెల్లో మార్కు వేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ పేటికలో సీలు చేసి ఇచ్చే సంస్థలు అక్కడ ఉన్నాయి. మనవైపు పాత పత్రికలకు అటువంటి ఏర్పాటు వేళ్లూనలేదు. అమ్మేవాడి ధైర్యాన్ని బట్టి, కొనేవాడి మమకారాన్ని బట్టి ధర తేలుతుంది. ఇటువంటి చోట చిత్రకారుడు ఎవరు, ఎక్కడివాడు, ఏ కాలంలో ఏ పత్రికకు గీశాడు అన్న ఎరుకే కొనేవారికి రక్షణ. వపా జీవితాన్ని తెలుసుకోవడానికి అది కూడా ఒక కారణమే.

అచ్చుబొమ్మ చూసి గీసిన బాలుడు

వడ్డాది పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. అప్పటికి శ్రీకాకుళం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామమూర్తి. తండ్రి ఉపాధ్యాయుడు. కుంచె పట్టడం తెలిసినవాడు. పాపయ్యకు చిత్రకళలో తొలి గురువు ఆయనే.

ఇంటి గోడ మీది రవివర్మ కోదండరాముడి పటం ఆ పిల్లవాడిని ఆకట్టుకుందని, దానిని చూసి బాల్యంలోనే బొమ్మ గీశాడని ఆయన జీవితం గురించి రాసినవారందరూ చెబుతారు. అయితే ఆ పటం రవివర్మ స్వహస్తంతో వేసిన తైలవర్ణ చిత్రం కాదన్నది గమనించవలసిన విషయం. ఒక బడిపంతులు ఇంటి గోడ మీదికి చేరగలిగింది అచ్చుప్రతి మాత్రమే. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి, తన దేవతా చిత్రాలను రాతి పలకల మీద నుంచి రంగురంగులుగా అచ్చువేయించి దేశమంతటికీ పంపారు. అంతవరకు రాజుల హజారాల్లో మాత్రమే కనిపించే చిత్రం కొద్ది డబ్బులకే సామాన్యుల దేవుడి గూట్లోకి వచ్చింది.

హైదరాబాదువాసులకు రవివర్మ చిత్రాలను సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసే వీలుంది. శ్రీకాకుళం బాలుడికి ఆ అవకాశం లేదు. అచ్చుబొమ్మే అతడికి మ్యూజియం, బడి కూడా. ఆ తరువాత ఆయన జీవితమంతా అచ్చుయంత్రం కోసమే గీశారు. వపా బొమ్మకు విలువ కట్టేటప్పుడు ఈ సంగతిని మరువరాదు. ఆయన విషయంలో మూలచిత్రం గొప్పది, అచ్చుప్రతి దానికి నకలు అనే సాధారణ సూత్రం పూర్తిగా పొసగదు. లక్షల చేతుల్లోకి వెళ్లే కాగితాన్ని దృష్టిలో పెట్టుకునే ఆయన రంగులు కలిపారు.

పత్రికల దారి

వపా బొమ్మలు అచ్చయిన పత్రికల పేర్లు వరుసగా చెబితే ఇరవయ్యో శతాబ్దపు తెలుగు పత్రికల చరిత్రలో సగం వచ్చేస్తుంది. ఆంధ్రపత్రిక, భారతి, రేరాణి, మంజూష, అభిసారిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, యువ, చందమామ, స్వాతి. వీటిలో కొన్ని కుటుంబమంతా చదివేవి, కొన్ని పెద్దలు చాటుగా చదివేవి. వపా బొమ్మ రెండు చోట్లా ఇమిడింది.

చందమామను బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి ప్రారంభించారు. నెల నెలా వచ్చే ఆ పత్రిక బలం కథల్లో ఎంత ఉందో బొమ్మల్లోనూ అంత ఉంది. చిత్ర అనే పేరుతో ప్రసిద్ధుడైన టి.వి.రాఘవన్ తొలినాళ్ల నుంచి 1978లో మరణించేవరకు కథల బొమ్మలు గీశారు. శంకర్‌గా పేరొందిన కె.సి.శివశంకరన్ 1952 ప్రాంతంలో చేరి, విక్రమార్కుడు భుజాన శవాన్ని మోస్తూ నడిచే బొమ్మను పిల్లల మనసుల్లో శాశ్వతం చేశారు. 1950 దశకంలో ముఖచిత్రాలకు ఎం.టి.వి.ఆచార్య పేరు తెచ్చారు. ఆయన తరువాత ఆ అట్టను దశాబ్దాల పాటు నిలబెట్టింది వపా.

పురాణ ఘట్టాన్ని ఒకే ఒక్క పేజీలో చెప్పడం సులువైన పని కాదు. కథలోని ఏ క్షణాన్ని పట్టుకోవాలో చిత్రకారుడు నిర్ణయించుకోవాలి. ముందు జరిగింది, తరువాత జరగబోయేది ఆ క్షణంలోనే స్ఫురించాలి. పై భాగంలో పత్రిక పేరుకు చోటు వదలాలి. దుకాణం ముందు తాడుకు వేలాడే పది పత్రికల్లో పిల్లవాడి కన్ను దీని మీదే పడాలి. వపా దేవతలకు విశాలమైన కన్నులు, ఒంటినిండా ఆభరణాలు, గాలికి ఎగిరే ఉత్తరీయాలు ఉంటాయి. వెనుక ఆకాశానికి ఎవరూ ఊహించని రంగు ఉంటుంది. రాక్షసుడిని గీసినా అందులో ఒక ఠీవి కనిపిస్తుంది. ఆయన రాక్షసులను చూసి పిల్లలు భయపడటం కన్నా ముచ్చటపడటమే ఎక్కువేమో.

చందమామ తమిళంలో అంబులిమామాగా, మరాఠీలో చాందోబాగా, కన్నడం, హిందీ, మలయాళం, గుజరాతీ, ఇంగ్లిషు తదితర భాషల్లోనూ వెలువడేది. కథలు భాషను బట్టి మారేవి గానీ బొమ్మలు అవే. అందువల్ల ఉత్తరాంధ్ర చిత్రకారుడి పురాణం మహారాష్ట్ర పిల్లవాడికీ తమిళనాడు పిల్లవాడికీ ఒకే నెలలో అందేది. ఆ పిల్లల్లో చాలామందికి చిత్రకారుడి పేరు తెలియదు. మూలన ఉన్న తెలుగు పొడి అక్షరాలు వారికి ఒక గీత మాత్రమే. కొన్ని అట్టల మీద ఆ అక్షరాలకు బదులు అంకెల్లా కనిపించే మరొక గుర్తు ఉంటుంది. అదీ వపాదే. ఈ రెండో గుర్తు తెలియక పాత పుస్తకాల కొట్టువారు వదిలేసిన అట్టలను తెలిసినవారు తక్కువ ధరకే ఏరుకున్న సందర్భాలు లేకపోలేదు.

యువలో మరో వపా

చందమామ అట్టలు మాత్రమే చూసినవారికి వపాలో సగమే తెలిసినట్టు. చక్రపాణి నడిపిన యువ మాసపత్రికలో ఆయన కుంచె మరింత స్వేచ్ఛగా నడిచింది. ముఖచిత్రాలు, లోపలి రంగుల పుటలు, ముఖ్యంగా దీపావళి ప్రత్యేక సంచికలు ఆనాటి పాఠకులకు పండుగ కానుకలు. ఋతువులను, రాగాలను, కావ్య నాయికలను ఆయన స్త్రీమూర్తులుగా వరుస చిత్రాల్లో గీశారు. పల్లెపడుచు నీళ్లబిందెతో నిలబడినా, గిరిజన యువతి కొండదారిన నడుస్తున్నా అదే శ్రద్ధ. చీర కుచ్చిళ్ల బరువు, కొప్పులో పూల తడి కంటికి తెలుస్తాయి. కనుకొలకులు చెవుల దాకా సాగిన ఆ స్త్రీలు నిజజీవితంలో ఎక్కడా కనిపించరన్న విమర్శ ఉంది. అయినా తెలుగు ఇళ్లలో అందమైన అమ్మాయిని వపా బొమ్మతో పోల్చడం ఒక వాడుకగా స్థిరపడింది.

ఈ వ్యాసకర్త దృష్టిలో వపా ఉత్తమ కృషి యువ పుటల్లోనే ఉంది. పాత పుస్తకాల విపణి మాత్రం ఈ అభిప్రాయంతో ఏకీభవించదు. అక్కడ చందమామదే పైచేయి. కొనేవారు బొమ్మతో పాటు తమ బాల్యాన్ని కూడా కొంటున్నారు కనుక అందులో ఆశ్చర్యం లేదు.

వ్యక్తిగా వపా సభలకు, సన్మానాలకు దూరంగా మెలిగారు. జీవితంలో చాలా భాగం అనకాపల్లి సమీపంలోని కశింకోటలో గడిచింది. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. చివరి సంవత్సరాల్లో స్వాతి పాఠకులు ఆయన చిత్రాలను విరివిగా చూశారు. 1992 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు. 2021తో ఆయన పుట్టి నూరేళ్లు నిండాయి.

పత్రిక పోయింది, కాగితం మిగిలింది

వపా తరువాత చందమామ ఎక్కువ కాలం నిలకడగా నడవలేదు. 1998లో ప్రచురణ ఆగిపోయి 1999 చివరలో మళ్లీ మొదలైంది. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. ఆ సంస్థ ఆర్థిక చిక్కుల్లో కూరుకుపోవడంతో 2013 ప్రాంతంలో అచ్చు నిలిచిపోయింది. పాత సంచికలను కొంతకాలం అందరికీ అందుబాటులో ఉంచిన పత్రిక వెబ్‌సైటు కూడా తరువాత మూతపడింది.

పత్రికకు ఇచ్చిన మూలచిత్రం అచ్చయిన తరువాత కార్యాలయంలోనే ఉండిపోవడం ఆ రోజుల్లో సాధారణం. తన చిత్రాలను చట్రాల్లో బిగించి ప్రదర్శనశాలలో వేలాడదీసి అమ్మిన చిత్రకారుడు కాదు వపా. అందుచేత ఆయన జీవితకాలపు కృషి ఈనాడు ఎక్కువగా కనిపించేది అచ్చుకాగితం మీదనే. ఆ కాగితమూ పల్చనిది, పిల్లల చేతుల్లో నలిగినది. ఒక నెల చందమామ లక్షల సంఖ్యలో అచ్చయిన రోజులున్నా, అట్ట చెక్కుచెదరని ప్రతులు అరుదు కావడానికి కారణం ఇదే. విలువ ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది.

విలువ తేల్చేది ఏది

మొదట చూడవలసింది అట్ట ఉన్నదా లేదా అన్నది. మన గ్రంథాలయాల్లోనూ ఇళ్లలోనూ సంవత్సరం సంచికలను కలిపి బైండు చేయించే అలవాటు ఉండేది. బైండింగు చేసేవాడు చాలాసార్లు అట్టలను ఊడదీసి, అంచులను కత్తిరించి కుట్టేవాడు. కథలు చదువుకునేవారికి ఆ సంపుటం బంగారమే. బొమ్మల కోసం వెతికేవారికి అందులో వపా లేనట్టే. అట్టలతో సహా కుట్టిన సంపుటం దొరికితే దానిని విడగొట్టడం తెలివితక్కువ పని. విడి సంచికల కన్నా ఆ రూపంలోనే అది భద్రంగా ఉంటుంది.

రెండోది, అట్ట మాత్రమే ఉండి పుస్తకం లేకపోవడం. వపా బొమ్మ మీద ఇష్టంతో అట్టను చించి గోడకు అతికించినవారు, పటం కట్టించి పూజగదిలో పెట్టినవారు ఎందరో. ప్రేమతో చేసిన ఆ పనే ఇవాళ ధరను తగ్గిస్తుంది. అలాగని చించిన అట్టను పారేయవలసిన పని లేదు. దాని కోసం వేరే కొనుగోలుదారులు ఉన్నారు. అంటుజిగురు మరకలు, మేకు రంధ్రాలు, ఎండకు వెలిసిన రంగులు ఎంత తక్కువగా ఉంటే అంత మేలు.

మూడోది తేదీ. అట్ట ఊడి సంవత్సరం తెలియని సంచికలో ప్రచురణ వివరాల పేజీ ఉపయోగపడుతుంది. చక్రపాణి 1975 సెప్టెంబరులో మరణించారు. అంతవరకు ఆయన పేరు సంచాలకుడిగా కనిపిస్తుంది. ఆ తరువాతి సంచికల్లో ఆయన సంస్థాపకుడు, నాగిరెడ్డి సంచాలకుడు. ఈ ఒక్క పంక్తి చూస్తే సంచిక 1975కు ముందుదో తరువాతదో తేలిపోతుంది. సంపుటాల లెక్క కూడా జనవరి నుంచి కాక, పత్రిక పుట్టిన జులై నుంచి నడుస్తుంది.

నాలుగోది భాష. ఒకే బొమ్మ అన్ని భాషల్లోనూ వచ్చింది కనుక మరాఠీ ప్రతి చవకగా దొరికితే బొమ్మ కోసం దానిని తీసుకోవడంలో తప్పు లేదు. తెలుగువారు తెలుగు ప్రతికే ఎక్కువ ఇస్తారు. ఇది బొమ్మ నాణ్యతకు సంబంధించిన తేడా కాదు, మనసుకు సంబంధించినది.

సంతకం చూడకుండా ప్రతి పాత చందమామ అట్టనూ వపాదని చెప్పి అమ్మేవారు ఉంటారు. 1950 దశకపు అట్టల్లో ఆచార్యవి చాలా ఉన్నాయి. ఆయన బొమ్మలూ విలువైనవే, కాకపోతే అవి వేరు. ఇక కంప్యూటరు ముద్రణ వచ్చిన తరువాత మరో బెడద మొదలైంది. పాత అట్టను స్కాన్ చేసి, మందపాటి కాగితం మీద కొత్తగా అచ్చువేసి పాతదిగా అంటగట్టవచ్చు. దీనిని పట్టుకోవడానికి పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు. ఆనాటి అచ్చులో బొమ్మ నాలుగు సిరాల సన్నని చుక్కలుగా, ఒక క్రమంలో పూలరేకుల్లా అమరి కనిపిస్తుంది. ఇంటి ప్రింటరు వేసిన రంగు క్రమం లేకుండా చిలకరించినట్టు ఉంటుంది. అట్టను తిప్పి చూడటం ఇంకా తేలిక. అసలు అట్ట వెనుక ఆనాటి వ్యాపార ప్రకటనో మరొకటో అచ్చయి ఉంటుంది. ముడత కాగితంలో కాకుండా బొమ్మలోనే అచ్చయి కనిపించినా, తుప్పు మరక వేలికి గరుకుగా తగలకపోయినా అది నకలే.

తుప్పు గురించి ఒక మాట. పాత సంచికల నడుమ ఉండే ఇనుప పిన్నులే వాటికి మొదటి శత్రువు. వానాకాలపు తేమకు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. చెరువుల ఒడ్డున ఉన్న శామీర్‌పేట వంటి ఊళ్లలో నేలకు ఆనించి పెట్టిన పెట్టెల్లోని కాగితానికి ఈ తేమతో పాటు చెదల భయమూ ఉంది. పిన్నులను మెల్లగా తీసి నూలుదారంతో కుట్టుకోవచ్చు. చిరుగులకు సెలోటేపు అంటిస్తే కొన్నేళ్లకు అది పసుపు మచ్చగా మారి బొమ్మలోకి ఇంకుతుంది. లామినేషన్ చేయిస్తే ఇక వెనక్కి తీసుకునే మార్గం ఉండదు. ఆ అట్ట సేకరణకర్తల లెక్కలో నుంచి తొలగిపోయినట్టే. పత్రికలను నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఎండ తగలని పొడి అలమరలో, నేలకు ఎత్తున ఉంచాలి.

పటం మీద హక్కు ఎవరిది

వపా అట్ట ఒకటి చేతికి వచ్చిన వెంటనే దానిని క్యాలెండరుగానో, పెళ్లి శుభలేఖ మీదనో అచ్చువేయించే ఆలోచన చాలామందికి వస్తుంది. కాగితాన్ని కొనడం వేరు, బొమ్మను మళ్లీ అచ్చువేసుకునే హక్కు వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికలో ఉద్యోగిగా గీసిన బొమ్మను పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానికి చెందుతుంది. మిగిలిన హక్కులు చిత్రకారుడివే. ఉద్యోగం కాక బయటి నుంచి గీసి ఇచ్చిన బొమ్మలకు లెక్క ఒప్పందాన్ని బట్టి మారుతుంది. యువకు, స్వాతికి, చందమామకు గీసినవన్నీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు. చిత్రకారుడు తన పేరుతో ప్రచురించిన బొమ్మకు రక్షణ ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. వపా 1992లో మరణించారు కనుక ఆ గడువు 2052 డిసెంబరు 31న ముగుస్తుంది.